చేలో దిగేముందు చేతిలో కాగితం

యూరప్‌లో ఎండాకాలం వచ్చిందంటే చదువుకునే పిల్లలు చాలామంది సంచి భుజాన వేసుకుని పొలాల బాట పడతారు. స్ట్రాబెర్రీలు, చెర్రీలు, ఆపిల్స్, చివర్లో ద్రాక్ష... నాలుగు డబ్బులు చేతిలో పడగానే తర్వాతి ఊరికి రైలెక్కేస్తారు. అక్కడ దాన్నెవరూ చిన్నతనం అనుకోరు. మన దగ్గరో? డిగ్రీ చదివే అమ్మాయి గుంటూరు మిర్చితోటలో కోతకెళ్తానంటే ఇంట్లో ఎంత రభస అవుతుందో ఊహించుకోండి!

మా ఇంట్లోనూ అయింది. ఫ్రాన్సులో లియాన్‌లో చదువుతున్న మా అక్క కూతురు 2025 సెప్టెంబరులో దగ్గర్లోని బోజొలే ప్రాంతానికి పదిరోజులు ద్రాక్షకోతకి వెళ్ళింది. "లక్షలు అప్పుచేసి పంపింది కూలికెళ్ళడానికా?" అని అక్క ఒకటే గోల. నాకు మాత్రం ఆ పిల్లని తెగ అడగాలనిపించింది.

బోజొలేలో గుత్తి చెదరకుండా కోయాలి, అందుకే చాలా తోటల్లో యంత్రాలు దించరు. మన పందిరి ద్రాక్షలా తలపైన వేలాడవట, మోకాలెత్తు మొక్కలు. చిన్న కత్తెర పట్టుకుని రోజంతా వంగే ఉండాలి. కొందరు కోస్తారు, కొందరు వీపున పెద్దబుట్ట తగిలించుకుని మోస్తారు. "మొదటి రెండ్రోజులు మంచంమీద పక్కకి తిరగలేకపోయాను పిన్నీ. మన నాట్లేసే ఆడవాళ్ళే గుర్తొచ్చారు" అంది. 2025లో అక్కడ కనీస కూలి గంటకి 11.88 యూరోలు, కోతలు పోను కాస్త తగ్గుతుంది. ఆడా మగా తేడా లేదు.

ఇక అసలు సంగతి. ఈ పని అందరికీ దొరుకుతుందనుకోవద్దు. విద్యార్థి వీసా మీద ఫ్రాన్సులో ఉన్న మన పిల్లలు ఏడాదికి 964 గంటల వరకూ పని చేసుకోవచ్చు. టూరిస్టు వీసా మీద వెళ్ళినవాళ్ళు మాత్రం ఒక్క పూట కూడా కూలికి వెళ్ళకూడదు. తిరుగుతూ సంపాదించుకోవడానికి ఆస్ట్రేలియా, కెనడా, జపాన్ పిల్లలకి ఫ్రాన్సు వేరే వీసా ఇస్తుంది. మనకి ఆ సదుపాయం లేదు. "టూరిస్టుగా వెళ్ళండి, అక్కడ మేం పని చూపిస్తాం" అనే ఏజెంటు ఎవరైనా తగిలితే తలుపేసుకోండి.

కాగితం లేనివాళ్ళ గతి ఏమిటో షాంపేన్ ప్రాంతం చూసింది. 2023 కోతల్లో యాభైమందికి పైగా వలసకూలీలను అధ్వాన్నమైన ఇంట్లో కుక్కి పని చేయించారు. మనుషుల అక్రమ రవాణా కింద 2025 జూలైలో కోర్టు ముగ్గురికి శిక్ష వేసింది. ఆ కూలీలు పశ్చిమాఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. అదే నేల, అదే ద్రాక్ష... ఒకరికి సెలవుల సరదా, ఇంకొకరికి చెర.

అలాగని కాగితముంటే ఆడవాళ్ళకి అన్నీ సవ్యంగా ఉంటాయనీ లేదు. స్పెయిన్‌లో హుయెల్వా స్ట్రాబెర్రీ తోటలకి ఏటా మొరాకో నుంచి వేలమంది స్త్రీలు ఒప్పందం మీద వస్తారు. చిన్నపిల్లలున్న తల్లుల్నే ఏరి తీసుకునేవారట, పంట కాగానే తప్పక ఇంటికి తిరిగెళ్తారని! బిడ్డల్ని తాకట్టు పెట్టించుకోవడం కాక మరేమిటిది? 2018లో ఆ స్త్రీలలో కొందరు లైంగిక వేధింపులమీద ఫిర్యాదు చేశారు. అప్పట్లో వాళ్ళ అనుమతి ఒక్క యజమానికే ముడిపడి ఉండేది మరి, పని మానేసి ఇంకో తోటకి పోదామన్నా కుదిరేది కాదు.

అందుకే మీ అమ్మాయి వెళ్తానంటే కాదనకండి, కానీ నాలుగు ప్రశ్నలు అడిగించండి. పని మొదలయ్యేలోపే రాతపూర్వక ఒప్పందం ఇస్తారా? ద్రాక్షకోతకి ఫ్రాన్సులో ప్రత్యేక ఒప్పందమే ఉంది, నెలరోజులు మించదు. బస ఎక్కడ, ఆడపిల్లలకి వేరే గది, లోపల గడియ ఉన్నాయా? తిండికీ బసకీ కూలిలో ఎంత పట్టుకుంటారు? పాస్‌పోర్టు చూపించాలేగానీ ఎవరి చేతికీ వదిలేయకూడదు. ఆపదొస్తే 112 నంబరు యూరోపియన్ యూనియన్ దేశాలన్నిట్లో పనిచేస్తుంది.

అన్నట్టు, తోటలో బాత్రూము ఎంత దూరమో కూడా ముందే అడగమనండి. ఈ ఒక్కటీ ఏ మగవాడూ చెప్పడు. మోకాళ్ళకి కట్టుకునే మెత్తలు, టోపీ, వానకోటు కూడా సర్దుకోమనండి.