చోదక సహాయక వ్యవస్థలు: హైదరాబాదు ఐటీ ప్రాంతము

మోటారు వాహనమును నడిపే వ్యక్తికి తోడుగా ఉండి, చుట్టుపక్కల పరిస్థితిని కనిపెట్టి హెచ్చరించే, అవసరమైనపుడు తానే బ్రేకు వేసే లేదా స్టీరింగును కొద్దిగా తిప్పే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లను చోదక సహాయక వ్యవస్థలు అంటారు. వీటి ఆంగ్ల నామమునకు పొడి అక్షరాల రూపమైన అడాస్ అన్న పేరే కార్ల షోరూములలోను, వాడుకలోను స్థిరపడినది. 2020 తరువాత భారతదేశములో మధ్యతరగతివారు కొనగలిగే కార్లలోకి కూడా ఇవి ప్రవేశించాయి.

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున ఉన్న హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు ప్రాంతములకు ఈ విషయములో ఒక ప్రత్యేకత కలదు. ఇటువంటి కార్లను రోజూ ఆఫీసుకు నడుపుకొని పోయేవారు ఇక్కడ ఉన్నారు. ఆ కార్లకు కావలసిన సాఫ్టువేరును వ్రాసేవారు, భారతీయ రోడ్లను యంత్రమునకు నేర్పే పరిశోధన చేసేవారు కూడా ఇక్కడే ఉన్నారు. కావున ఈ వ్యవస్థలకు ఏమి తెలుసు, ఏమి తెలియదు అన్న ప్రశ్నను పరిశీలించుటకు ఈ ప్రాంతము తగినది.

సహాయమా, సారథ్యమా?

అమెరికాకు చెందిన మోటారు ఇంజనీర్ల సంఘము 2014లో స్వయంచాలనమును 0 నుండి 5 వరకు ఆరు స్థాయిలుగా విభజించినది. మొదటి స్థాయిలో యంత్రము వేగమును గాని, స్టీరింగును గాని, రెండింటిలో ఒకదానిని మాత్రమే చూసుకుంటుంది. రెండవ స్థాయిలో రెండింటినీ చూసుకుంటుంది. అయినను రోడ్డును గమనించవలసిన బాధ్యత పూర్తిగా మనిషిదే. మూడవ స్థాయి నుండి మాత్రమే, కొన్ని షరతులకు లోబడి, ఆ బాధ్యత యంత్రమునకు మారుతుంది. భారతదేశములో సామాన్యులకు అమ్ముతున్న అడాస్ కార్లు రెండవ స్థాయిని దాటినవి కావు. అనగా కాళ్ళకు, చేతులకు కొంత విశ్రాంతి దొరుకుతుందే తప్ప కళ్ళకు దొరకదు. "కారు దానంతట అదే పోతుంది" అని పొరుగువారికి చెప్పుకొనే మాటలో సగమే నిజము.

పూర్వరంగము

వేగమును ఒకే స్థాయిలో నిలిపే క్రూజ్ కంట్రోలును కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అనే అమెరికా ఇంజనీరు అంధుడు. తనను కారులో తీసుకొనిపోయే స్నేహితుడు మాట్లాడుతూ వేగమును పెంచుతూ తగ్గిస్తూ ఉండగా కలిగిన చికాకు నుండి ఈ ఆలోచన పుట్టినదని చెబుతారు. ఆయనకు 1950లో పేటెంటు లభించినది, 1958లో క్రైస్లర్ సంస్థ దానిని తన కార్లలో అమర్చినది. ముందున్న వాహనమును బట్టి వేగమును మార్చుకునే రకము 1995లో జపానులో మిత్సుబిషి కారులో, 1999లో రాడారు సహాయముతో మెర్సిడెస్ కారులో వచ్చినది. నగర వేగములలో తానే బ్రేకు వేసే ఏర్పాటును వోల్వో సంస్థ 2008లో ప్రవేశపెట్టినది.

భారతదేశములో 2020లో ఎం.జి. గ్లోస్టర్, 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ700, 2022లో హోండా సిటీ హైబ్రిడ్ వీటితో వచ్చాయి. 2024 డిసెంబరులో విడుదలైన హోండా అమేజ్‌తో పది లక్షల లోపు ధరకే ఈ సదుపాయములు అందుబాటులోకి వచ్చాయి. అంతకు ముందే, 2019 జూలై 1 నుండి, వెనుక పార్కింగు గ్రాహకములు, వేగ హెచ్చరిక కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయినవి. గంటకు 80 కిలోమీటర్లు దాటినపుడు విరామములతోను, 120 దాటినపుడు ఎడతెగకుండాను మ్రోగే కీచు శబ్దము ఆ నియమము ఫలితమే.

పని చేయు విధానము

అద్దము వెనుక, పైభాగములో ఉండే కెమెరా గీతలను, మనుషులను, వాహనములను ఆకారమును బట్టి గుర్తిస్తుంది. బంపరు వద్ద ఉండే రాడారు సుమారు 77 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యము గల రేడియో తరంగములను పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని బట్టి ఎదుటి వస్తువు ఎంత దూరములో ఉన్నదో, ఎంత వేగముతో దగ్గరవుతున్నదో లెక్కగడుతుంది. పార్కింగులో ఉపయోగపడే అతిధ్వని గ్రాహకముల చూపు కొద్ది మీటర్లు మాత్రమే. కొన్ని కార్లలో కెమెరా ఒక్కటే ఉంటుంది. మరికొన్నిటిలో కెమెరా, రాడారు రెండూ ఉండి ఒకదాని సాక్ష్యమును మరొకటి సరిచూసుకుంటాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రోడ్డుపై కదలని వస్తువులు లెక్కలేనన్ని: స్తంభములు, సూచిక బోర్డులు, వంతెనల ఇనుప భాగములు. వీటన్నిటి నుండి రాడారుకు ప్రతిధ్వని వస్తుంది. ప్రతిదానికీ బ్రేకు వేస్తే కారు ముందుకు సాగదు. అందుచేత కదలని వస్తువుల సంకేతములకు చాలా వ్యవస్థలు తక్కువ విలువనిస్తాయి. ముందు నడుస్తున్న కారును వెంబడించుటలో నేర్పరి అయిన యంత్రము, హఠాత్తుగా ఎదురైన నిలిచిన లారీ విషయములో తడబడుటకు ఇది ఒక ముఖ్య కారణము.

హైటెక్ సిటీ రోడ్లపై

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించునాటికి మాదాపూర్ చుట్టూ రాళ్ళ గుట్టలు, ఖాళీ నేలలే ఎక్కువ. తరువాతి కాలములో మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ, కొత్తగూడ కూడళ్ళ వద్ద ఫ్లైఓవర్లు, 2020 సెప్టెంబరులో దుర్గం చెరువుపై తీగల వంతెన, 2019లో మెట్రో రైలు వచ్చాయి. అయినను ఉదయము, సాయంత్రము ఆఫీసుల వేళ వాహనములు బారులు తీరుతూనే ఉన్నాయి. సహాయక వ్యవస్థలకు అసలు పరీక్ష ఈ బారులలోనే జరుగుతుంది.

దూరము పాటించే క్రూజ్ కంట్రోలును తీసుకుందాము. ముందు వాహనమునకు ఒకటిన్నర సెకను ఎడము ఉంచమని దానికి చెప్పినామనుకుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగములో ఆ ఎడము సుమారు 17 మీటర్లు అవుతుంది. అనగా నాలుగు చిన్న కార్లు పట్టే చోటు. హైదరాబాదులో అంత ఖాళీని ఎవరూ వృథాగా పోనివ్వరు. ఒక ఆటో, రెండు స్కూటర్లు అందులోకి వచ్చి చేరుతాయి. కారు మర్యాదగా వెనుకకు తగ్గి మళ్ళీ 17 మీటర్లు విడుస్తుంది, మళ్ళీ ఎవరో వచ్చి చేరుతారు. ఎడమును కనిష్ఠమునకు తగ్గించినను ఈ తంతు పూర్తిగా ఆగదు. అందువలన చాలామంది ఈ సదుపాయమును నగరములో కట్టివేసి, ఊరి బయటకు దాచుకుంటారు. అడుగడుగునా ఆగి కదిలే రద్దీలో, రెండు వాహనముల నడుమ ఎవరూ దూరలేని ఇరుకున్న చోట మాత్రము ఆగుతూ కదిలే రకము నిజముగానే శ్రమ తగ్గిస్తుంది. క్లచ్చు తొక్కి తొక్కి మోకాలు నొప్పి పుట్టినవారికి దాని విలువ తెలుస్తుంది.

తానే బ్రేకు వేసే ఏర్పాటు విషయము ఇంతకన్న తీవ్రమైనది. కారు ముందు నుండి అడ్డముగా స్కూటరు దూసుకొనిపోయినపుడు, మనిషి "అతడు దాటిపోతాడు" అని ఊహించి వేగమును కొంచెమే తగ్గిస్తాడు. యంత్రము ఆ ఊహ చేయలేక గట్టిగా బ్రేకు వేయవచ్చును. లోపలివారికి ఒక కుదుపుతో పోతుంది. కాని వెనుక రెండు మీటర్ల దూరములో వస్తున్న మోటారు సైకిలుకు రాడారు లేదు, ఎయిర్‌బ్యాగు లేదు. కారులోని రక్షణ ఖర్చు కారు వెలుపలి వ్యక్తిపై పడుటకు ఆస్కారము ఉన్న సందర్భమిది. అయినంత మాత్రాన ఈ ఏర్పాటును శాశ్వతముగా ఆపివేయుట కూడా సరియైన పరిష్కారము కాదు. బస్సు చాటు నుండి రోడ్డు దాటే పాదచారిని ముందుగా చూసి ఆగేదీ ఇదే. చాలా కార్లలో హెచ్చరిక ఎంత ముందుగా రావాలో మార్చుకునే వీలు ఉన్నది. ఆలస్యముగా వచ్చేటట్లు పెట్టుకుంటే అనవసర హెచ్చరికలు తగ్గుతాయి.

గీతల మధ్య నిలిపే సదుపాయమునకు ముందు గీతలు కావాలి. దుర్గం చెరువు వంతెనపై అవి స్పష్టముగా కనిపించవచ్చును గాని, తవ్వి పూడ్చిన లోపలి దారులలో పాత గీత, కొత్త గీత, తారు అతుకు మూడూ పక్కపక్కనే ఉంటాయి. గుంతను తప్పించుటకు సూచిక దీపము వేయకుండా పక్కకు జరిగితే స్టీరింగు స్వల్పముగా ఎదురు తిరుగుతుంది. దీనిని దయ్యము పట్టినదని భావించనక్కరలేదు. ఆ బలము తక్కువే, చేతితో సులభముగా అధిగమించవచ్చును.

పక్క అద్దములలో వెలిగే దీపము, అనగా కనిపించని మూలలో వాహనము ఉన్నదని చెప్పే సూచిక, ఈ ప్రాంతములో దాదాపు ఎల్లప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. రెండు వైపులా ద్విచక్ర వాహనములు ఉండుటయే కారణము. ఎప్పుడూ వెలిగే దీపమును కన్ను చూడుట మానివేస్తుంది. అపార్టుమెంటు సెల్లారులలో స్తంభముల మధ్య కారు తిప్పునపుడు కీచుమనే శబ్దము సంగతీ అంతే. అయితే అక్కడే, వెనుక కెమెరాలో మాత్రమే కనిపించే చిన్న పిల్లల విషయములో, ఆ శబ్దమును వినుట అలవాటుగా ఉంచుకొనవలెను.

వానాకాలములో మరొక ఇబ్బంది. కుండపోతలో కెమెరాకు చూపు ఆనదు, సహాయము తాత్కాలికముగా లేదని తెరపై సందేశము వస్తుంది. చోదకునికి కూడా దారి కనిపించని సమయములోనే యంత్రము సెలవు తీసుకుంటుందన్నమాట.

ఔటర్ రింగు రోడ్డు

నగరము చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున ఉన్న ఎనిమిది వరుసల ఔటర్ రింగు రోడ్డు ఈ వ్యవస్థలు తయారైన దేశముల రహదారులను పోలి ఉంటుంది. ద్విచక్ర వాహనములకు, పాదచారులకు ప్రవేశము లేదు, గీతలు ఉన్నాయి, అడ్డు కూడళ్ళు లేవు. 2023లో ఇక్కడ కుడి వైపు రెండు వరుసలలో గరిష్ఠ వేగమును గంటకు 100 నుండి 120 కిలోమీటర్లకు పెంచినారు. ఎడమ వైపు రెండు వరుసలకు పరిమితి 80గా ఉంచినారు. గచ్చిబౌలి నుండి శంషాబాదు విమానాశ్రయమునకు పోయే దారిలో అడాస్ పనితనము చూసి ముచ్చటపడనివారు అరుదు.

ప్రమాదము కూడా ఆ ముచ్చటలోనే ఉన్నది. 120 కిలోమీటర్ల వేగములో కారు సెకనుకు 33 మీటర్లు పోతుంది. ఫోనులో ఒక సందేశము చదువుటకు మూడు సెకనులు పట్టినదనుకుంటే, వంద మీటర్ల దారి చూడకుండా గడిచినట్లు. పంక్చరై అంచున నిలిచిన లారీ, తెల్లవారుజామున దీపములు లేకుండా నెమ్మదిగా పోయే బండి, వెనుకకు ఇనుప చువ్వలు పొడుచుకొని వచ్చిన ట్రాలీ వంటివి యంత్రము ఆలస్యముగా గుర్తించే జాబితాలో ముందుంటాయి. చువ్వల కొసను గాక బండి వెనుక భాగమును లక్ష్యముగా తీసుకొని దూరము లెక్కించే అవకాశము ఉన్నది.

బయోడైవర్సిటీ ఫ్లైఓవరు ఉదంతము

2019 నవంబరు 4న ప్రారంభమైన బయోడైవర్సిటీ కూడలి పై అంతస్తు ఫ్లైఓవరు నుండి అదే నెల 23న మితిమీరిన వేగముతో వచ్చిన ఒక కారు గోడను దాటి క్రింది రోడ్డుపై పడినది. క్రింద ఉన్న ఒక మహిళ మరణించినది, మరికొందరు గాయపడినారు. వంతెనను మూసివేసి, భద్రతా ఏర్పాట్లు చేసి 2020 జనవరిలో తిరిగి తెరిచినారు. అక్కడి వేగ పరిమితి గంటకు 40 కిలోమీటర్లు.

నేటి అడాస్ ఉన్న కారు ఇటువంటి ప్రమాదమును ఆపగలదా? సామాన్య శ్రేణి కార్ల విషయములో ఆపగలదని చెప్పుటకు వీలు లేదు. మలుపులో కారును బయటకు నెట్టే ప్రభావము వేగము వర్గమును బట్టి పెరుగుతుంది. 40కి బదులు 80 అయితే నాలుగింతలు. గీతల మధ్య నిలిపే మోటారు బలము అంతటి మలుపుకు చాలదు. తానే వేసే బ్రేకు ముందున్న వాహనములను, మనుషులను లక్ష్యముగా చేసుకొని తయారైనది, వంతెన గోడను కాదు. సూచిక బోర్డును చదివే కెమెరా ఉంటే "40" అని చూపి హెచ్చరించగలదు. జారుడును అదుపు చేసే స్థిరత్వ నియంత్రణ కొంత ఆదుకొనగలదు, కాని టైర్ల పట్టు అయిపోయిన తరువాత అది కూడా చేయగలిగినది లేదు.

స్థానిక పరిశోధన

జర్మనీ నగరముల చిత్రములతో తయారైన సిటీస్కేప్స్ అనే ప్రసిద్ధ సమాచార సంచయములో ఆటోరిక్షాకు స్థానమే లేదు. దానితో చదువు నేర్చిన యంత్రము ఆటోను చూసి కారనో, మరొకటనో అనుకుంటుంది. ఈ లోపమును పూరించుటకు గచ్చిబౌలిలోని ఐఐఐటీ హైదరాబాదు, ఇంటెల్ సంస్థ కలిసి 2018లో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌ను విడుదల చేశాయి. గిరీశ్ వర్మ, సి.వి. జవహర్ తదితరులు దీనిపై వ్రాసిన పత్రము 2019లో వెలువడినది. హైదరాబాదు, బెంగుళూరు, వాటి శివార్లలో కారుపై నుండి తీసిన సుమారు 10,000 చిత్రములలో ప్రతి భాగమునకు పేరు పెట్టి, 34 తరగతులుగా విభజించినారు. ఆటో, పశువు వాటిలో ఉన్నాయి. అన్నిటికన్న ఆసక్తికరమైనది రోడ్డు పక్కన మట్టి నేలకు ఇచ్చిన తరగతి: రోడ్డు కాదు, కాని అవసరమైతే బండి దిగవచ్చును. మన చోదకులకు చిన్ననాటి నుండి తెలిసిన ఈ విషయమునకు శాస్త్రములో ఒక పేరు రావలసి వచ్చినది.

ఐఐఐటీ భాగస్వామిగా 2021లో నాగపూరులో మొదలైన ఐరాస్తే ప్రాజెక్టు బస్సులలో హెచ్చరిక పరికరములు అమర్చి, అవి ఎక్కడ ఎక్కువగా మ్రోగుతున్నాయో చూసి ప్రమాదకర స్థలములను ముందుగా గుర్తించే ప్రయత్నము చేసినది. తరువాత తెలంగాణ ఆర్టీసీ బస్సులకు కూడా దీనిని విస్తరించినారు. చోదకునికి సహాయపడే పరికరము రోడ్డు ఇంజనీరుకు కూడా సహాయపడుట దీని విశేషము. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాదులో తిహాన్ అనే స్వయంచాలిత వాహనముల పరీక్షా కేంద్రము 2022 జూలై 4న ప్రారంభమైనది.

చట్టము, బాధ్యత

2023 అక్టోబరు నుండి అమలులోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ తొలి నిబంధనలు ముఖ్యముగా ఢీకొన్నపుడు లోపలివారికి కలిగే రక్షణను కొలిచేవి. అడాస్ ఉన్నంత మాత్రమున నక్షత్రములు రావు. బస్సులు, లారీల వంటి పెద్ద వాహనములకు తానే వేసే బ్రేకు, నిద్రమత్తు హెచ్చరిక, గీత దాటిన హెచ్చరిక తప్పనిసరి చేయుటకు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2025లో ముసాయిదా వెలువరించినది. చోదకుడు లేని కార్లను అనుమతించబోమని, లక్షలాది డ్రైవర్ల జీవనోపాధి పోతుందని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2017లోను, 2023లోను ప్రకటించినారు. రెండవ స్థాయి వ్యవస్థ పని చేస్తుండగా ప్రమాదము జరిగినను చట్టము దృష్టిలో కారు నడిపినది సీటులో కూర్చున్న వ్యక్తే. "బ్రేకు పడుతుందనుకున్నాను" అన్నది సమాధానము కాజాలదు.

నిర్వహణ

ముందు అద్దము పగిలి మార్చవలసి వచ్చినపుడు కెమెరాను తిరిగి సరిచూపునకు అమర్చవలెను. కోణములో స్వల్ప తేడా వచ్చినను వంద మీటర్ల దూరములో పక్క వరుసను తన వరుసగా భావించే ప్రమాదము ఉన్నది. బయట మెకానిక్కు వద్ద చవుకగా అద్దము వేయించుకొనేవారు ఈ పని జరిగినదో లేదో అడిగి తెలుసుకొనవలెను. బంపరుకు దెబ్బ తగిలి సొట్ట తీయించినపుడు రాడారు విషయములోను ఇదే జాగ్రత్త అవసరము. ముందు భాగమున ఇనుప కడ్డీల గార్డు బిగిస్తే రాడారుకు అడ్డము వస్తుంది. అటువంటి గార్డులను 2017లోనే నిషేధించినారు కూడా.

దసరాకు వాహన పూజ చేసినపుడు గ్రిల్లుకు అడ్డముగా కట్టిన తడి బంతిపూల దండ, రాడారు మూతపై పూసిన పసుపు, కుంకుమ, కెమెరాకు ఎదురుగా అద్దముపై పెట్టిన బొట్టు గ్రాహకమునకు అడ్డు తగలవచ్చును. దండను బానెట్టుపైకి జరిపి, బొట్టును అద్దము క్రింది మూలన పెట్టుకుంటే సరిపోతుంది. నిమ్మకాయ, మిరపకాయలను బంపరు మధ్యలో గాక ఒక పక్కగా వ్రేలాడదీయవచ్చును.