సీటుకు ముందే కాలేజీ చూపులు

మే నెల వచ్చిందంటే మన రాయచూరు జిల్లా గోరేబాళ చుట్టుపక్కల క్యాంపుల్లో టీవీ బల్ల మీద ఒక ప్లాస్టిక్ ఫైలు కనబడుతుంది. ఎస్సెస్సెల్సీ మార్కుల కార్డు, పొలం పహణి, రబ్బరు బ్యాండు వేసిన పాస్‌పోర్టు ఫోటోలు, లామినేషన్ చేయించి పాడుచేసిన బర్త్ సర్టిఫికెట్. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు చూసి కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల మనవలు, మునిమనవలు ఇప్పుడా ఫైలు పట్టుకొని కౌన్సెలింగుకు వెళ్తున్నారు.

ఈమధ్య దీనికి పోర్ట్‌ఫోలియో అనే మాట తోడైంది. అమెరికాలో ఉన్న బంధువుల ఫోన్ల ద్వారా వచ్చిన మాట అది. డాన్సు ఫోటోలు, ఎన్జీవోలో పనిచేసినట్టు కాగితాలు లేకపోతే సీటు రాదని తల్లిదండ్రులు హడలిపోతున్నారు. వేలకు వేలు తీసుకొని 'ప్రొఫైల్' తయారుచేసి ఇస్తామనేవాళ్లూ తయారయ్యారు.

కర్ణాటకలో ఇంజినీరింగ్ సీటుకు కేసీఈటీ ర్యాంకు చాలు. అందులో సగం సీఈటీ మార్కులు, సగం పీయూసీ మార్కులు. ఎంబీబీఎస్‌కి నీట్. రాయచూరు ట్రిపుల్ ఐటీకి జేఈఈ మెయిన్. వీటిలో ఎక్కడా పోర్ట్‌ఫోలియో అడగరు. బొమ్మలు వేసే పిల్లలకు కూడా నిఫ్ట్ డిగ్రీ ప్రవేశాల్లో పరీక్ష హాల్లోనే గీయించి, చేయించి చూస్తారు. కొన్ని ప్రైవేటు డిజైన్ కాలేజీలు, విదేశాల్లో ఆర్ట్, ఆర్కిటెక్చర్ కోర్సులు మాత్రం అడుగుతాయి. ఆ దారిలో వెళ్లే పిల్ల తన చేత్తో వేసినవే పెట్టుకోవాలి. కొన్న ప్రొఫైల్ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

మన పిల్లలకు సీటు తెచ్చేవి వేరే కాగితాలు. వాటి గురించే మనకు అపోహలు ఎక్కువ.

"మేం ఆంధ్రా వాళ్లం, 371జె మాకు రాదు" అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. రాజ్యాంగంలోని ఆ అధికరణం భాష అడగదు. పుట్టుక వల్లగానీ నివాసం వల్లగానీ మన కల్యాణ కర్ణాటక ప్రాంతానికి చెందిన విద్యార్థులా కాదా అన్నదే చూస్తుంది. 2013 ఉత్తర్వు ప్రకారం కల్యాణ కర్ణాటకలోని కాలేజీల్లో 70 శాతం, మిగతా రాష్ట్రంలో 8 శాతం సీట్లు ఈ ప్రాంతం వాళ్లకు. తొలి కాన్పు పుట్టింట్లో అయింది కాబట్టి బర్త్ సర్టిఫికెట్లో తెనాలి అని ఉంటుంది. అది చూసి ఆశ వదులుకున్న తల్లులు నాకు తెలుసు. అమ్మా, వదలకండి. మీ కుటుంబం ఇక్కడ ఎన్నేళ్లుగా ఉందో చూపే పహణి, రేషన్ కార్డు, స్కూలు రికార్డు తీసుకొని అడగండి. ఈ 371జె సర్టిఫికెట్ ఇచ్చేది అసిస్టెంట్ కమిషనర్. ఫలితాలొచ్చాక అందరూ ఒకేసారి ఎగబడతారు కాబట్టి ఫస్ట్ పీయూలోనే అర్జీ పెట్టడం మేలు.

"విజయవాడలో ఇంటర్ చదివితే కర్ణాటక సీటు పోతుంది" అనేది ఇంకో భయం. ఒకటి నుంచి పన్నెండు లోపు ఏడేళ్లు కర్ణాటకలో చదివి, పదో తరగతిగానీ పన్నెండుగానీ ఇక్కడ పాసైతే అర్హత ఉంటుంది. పదిదాకా ఇక్కడే చదివిన పిల్లకి ఏ ఇబ్బందీ లేదు. ఇంటర్ మార్కులు సీట్లు కేటాయించే కేఈఏకి పంపడం మరవకూడదు, అంతే. ఆరో తరగతికే గుంటూరు హాస్టల్లో వేసిన పిల్లాడికి మాత్రం ఐదేళ్లే లెక్కకొస్తాయి. అటు ఆంధ్రాలో స్థానికత కావాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు చూస్తారు. రెండేళ్ల ఇంటర్‌తో అది రాదు.

"పొలం పని తెలిస్తే ఏం లాభం" అని మన రైతులే అంటుంటే బాధేస్తుంది. బీఎస్సీ అగ్రికల్చర్‌లో రైతు బిడ్డలకు 50 శాతం కోటా ఉంది. దానికి ప్రాక్టికల్ పరీక్ష పెడతారు. విత్తనాలు, పనిముట్లు, ఎరువులు, పురుగులు ముందు పెడితే గుర్తుపట్టాలి. సోనా మసూరి కళ్లంలో పెరిగిన పిల్లకి వడ్లగింజ ఒకరు చూపించాలా! రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం మన జిల్లాలోనే ఉంది. పహణి ఉన్న ప్రతి ఇల్లూ ఈ కోటా గురించి ఒకసారి ఆలోచించాలి.

ఇక చివరి అపోహ: సీటు వచ్చాక వెళ్లి కాలేజీ చూడొచ్చని. అమెరికాలో సీటిచ్చాక పిల్లల్ని పిలిచి క్యాంపస్ చూపిస్తారు, చాలా కాలేజీలు జవాబుకు మే 1 దాకా గడువిస్తాయి. మనకు సీటు కేటాయించాక దాన్ని ఉంచుకోవాలా, తర్వాతి రౌండుకు వెళ్లాలా అని తేల్చుకోవడానికి దొరికేవి కొద్ది రోజులే. చూడాల్సింది ఆప్షన్లు పెట్టకముందు, ఆలస్యమైతే మాక్ అలాట్‌మెంట్ వచ్చినప్పుడు.

మా అన్నయ్య కూతుర్ని తీసుకొని ఒక కాలేజీకి ఆదివారం వెళ్లాను. వాచ్‌మన్ గేటు తీసి పచ్చిక, అద్దాల భవనం చూపించాడు. మురిసిపోయి వచ్చేశాం. చేరాక తెలిసింది, హాస్టల్లో నీళ్లు ట్యాంకరు వస్తేనే. తప్పు నాదే, పనిదినాన వెళ్లలేదు. ఇప్పుడు ఎవరడిగినా ఇదే చెబుతున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్లండి. మెస్సులో కూర్చొని తినండి. ల్యాబులో యంత్రాల మీద కవర్లు తీసి ఉన్నాయో లేదో చూడండి. రెండో సంవత్సరం పిల్లని పక్కకు పిలిచి, "నీ చెల్లెల్ని ఇక్కడ చేర్పిస్తావా అమ్మా?" అని అడగండి.