విశ్వవిద్యాలయమున విద్యార్థికి లభించు తోడ్పాటు

ఏటేట మన పాఠశాలనుండి ఉత్తీర్ణులగు విద్యార్థులలో కొందరు కళాశాల చదువు ముగించి విశ్వవిద్యాలయపు గడప త్రొక్కుచున్నారు. వారిలో పలువురు పట్టములు పుచ్చుకొని వచ్చుచున్నారు. కొందరు మాత్రము మొదటి సంవత్సరము నిండకముందే పెట్టె బేడ సర్దుకొని ఇల్లు చేరుచున్నారు. ఇట్లు మరలివచ్చిన వారి సంగతి విచారింపగా, తెలివి చాలక వచ్చినవారు మిక్కిలి తక్కువగా కన్పట్టుచున్నారు. రుసుము చెల్లింపవలసిన గడువు దాటినవారు, విద్యార్థివేతనమునకు ఎచ్చట దరఖాస్తు చేసికొనవలెనో ఎరుగనివారు, పరభాషలోని ఉపన్యాసము బోధపడక, బోధపడలేదని ఎవరితోను చెప్పుకొనలేక క్రుంగినవారు ఎక్కువ. అడిగినచో తోడ్పడు కార్యాలయము అదే ఆవరణలో ఉండెను. అది కలదని వారికి తెలియదు. ఈ తెలియమిని కొంతయైన తొలగింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

పాఠశాలకును విశ్వవిద్యాలయమునకును భేదము

పాఠశాలలో ఒక బాలుడు రెండు దినములు రాకున్నచో మేము ఇంటికి కబురు పంపుదుము. విశ్వవిద్యాలయమున ఆ ఆచారము లేదు. పరీక్ష రుసుమును గూర్చియో, వసతిగృహ ప్రవేశమును గూర్చియో ఒక ప్రకటన ఫలకముమీద అంటింతురు, లేక వెబ్‌సైటులో ఉంచుదురు. అంతటితో విద్యార్థికి తెలియజేసినట్లే లెక్క. కావున ప్రతిదినము ఆ ప్రకటనలను చూచుట విద్యార్థి మొదట అలవరచుకొనవలసిన అభ్యాసము.

ఎవరు ఏ పని చేయుదురో తెలిసికొనుటయు అట్లే ముఖ్యము. విశ్వవిద్యాలయమునకు పెద్ద ఉపకులపతి. కార్యాలయ వ్యవహారములు రిజిస్ట్రారు చేతిలో నుండును. మార్కుల పట్టికలో తప్పు దొర్లినను, హాలు టికెట్టు రాకున్నను పరీక్షల విభాగమునకు పోవలెను. గది, భోజనము మున్నగువానిని గూర్చి వార్డెనుతో చెప్పవలెను. చదువును గూర్చిన చిక్కు ఏదైనను మొదట శాఖాధ్యక్షుని కడకు పోవుట మర్యాద. ఎవరిని అడుగవలెనో తోచనపుడు విద్యార్థి వ్యవహారముల డీను కార్యాలయమున విచారింపవచ్చును. ఈ కొద్దిపాటి జ్ఞానము లేనివాడు ఒక కాగితమునకై వారము దినములు తిరుగును. ఉన్నవాడు ఒక పూటలో పని ముగించుకొనును.

మన ప్రాంతమును, ఆంధ్ర విశ్వవిద్యాలయమును

కోరాపుట్టు, రాయగడ, గంజాం ప్రాంతముల తెలుగు విద్యార్థులకు విశ్వవిద్యాలయమనగానే విశాఖపట్టణము తలపునకు వచ్చును. అది వింత గాదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయము మొదట బెజవాడయందుండి, 1930లో వాల్తేరునకు మారినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు దాని ప్రథమోపకులపతులు. ఆ తొలినాళ్లలో దానిని నిలబెట్టిన దాతలలో అగ్రగణ్యులు జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు. వారు ఏటేట లక్ష రూపాయల చొప్పున విరాళమొసగిరి. అచ్చటి శాస్త్ర సాంకేతిక కళాశాల వారి పేరుననే వెలసినది. అప్పటికి జయపురము విశాఖపట్టణము జిల్లాలోనిదే. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిషా రాష్ట్రము ఏర్పడగా జయపురము ఇటువైపు వచ్చినది. మన నేల ధనము ఆ గోడలలో కలదని మన విద్యార్థి గర్వింపవచ్చును.

అయినను గర్వము వేరు, ప్రవేశార్హత వేరు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి ఆంధ్రప్రదేశమున విశ్వవిద్యాలయపు సీట్లలో నూటికి 85 స్థానిక అభ్యర్థులకు ప్రత్యేకింపబడినవి. అర్హత పరీక్ష వ్రాసిన సంవత్సరముతో ముగియునట్లు వరుసగా నాలుగు సంవత్సరములు ఆ ప్రాంతమున చదివినవారో, నివసించినవారో స్థానికులగుదురు. ఇంట తెలుగు మాటలాడుట స్థానికత్వమునకు చాలదు. మిగిలిన సీట్లకు ఎవరు అర్హులో ఆ సంవత్సరపు ప్రవేశ ప్రకటనలో చదువుకొని, ఆ తరువాతనే రుసుము చెల్లింపవలెను. ఈ నియమము నెరుగక ఒక్కచోటనే ఆశ పెట్టుకొని ఏడాది పోగొట్టుకొనుట తగదు.

దూరము పోకయే చదువదలచిన వారికి 1967లో నెలకొన్న బరంపురము విశ్వవిద్యాలయమును, 2009లో ఏర్పడిన ఒడిషా కేంద్రీయ విశ్వవిద్యాలయమును కలవు. రెండవది కోరాపుట్టు జిల్లాలోనే యున్నది. కేంద్రీయ విశ్వవిద్యాలయములలో పట్టభద్ర తరగతుల ప్రవేశమునకై 2022 నుండి జరుగుచున్న ఉమ్మడి పరీక్షను 13 భాషలలో వ్రాయవచ్చును. వానిలో తెలుగును, ఒడియాయును చేరియున్నవి. దరఖాస్తు నింపునపుడే భాషను ఎన్నుకొనవలెనని మరువరాదు.

రాష్ట్రము దాటి చదువబోవువారు మైగ్రేషన్ సర్టిఫికెట్టు, బదిలీ పత్రము, కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రములు ముందుగానే సిద్ధము చేసికొనవలెను. ఒక్కొక్క దానికి నాలుగైదు నకళ్లు తీయించి ఉంచుకొన్నచో అవసరమునకు పరుగులు తప్పును.

వసతిగృహము

వసతిగృహములో గదులు తక్కువ, అడుగువారు ఎక్కువ. అందుచే ప్రవేశము దొరికిన దినముననే గదికి దరఖాస్తు చేయుట మేలు. పలు వసతిగృహములలో భోజన వ్యయమును నెల తుదిని లెక్కగట్టి అందరికి పంచుదురు. ఊరికి పోవునపుడు ముందుగా వ్రాసి ఇచ్చినచో ఆ దినముల వ్యయము తగ్గించు పద్ధతియు అనేక స్థలముల కలదు. ఇట్టి నియమములను చేరిన దినముననే అడిగి తెలిసికొనవలెను.

మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన దినములలో మా మాటలో ఒడియా పలుకుబడి దొర్లెనని తోడివారు మొదట నవ్వుచుండిరి. నెల తిరుగకముందే వారే మమ్ము కూర్చుండబెట్టుకొని పద్యములు చదివించుకొనిరి. కావున యాసను గూర్చి సిగ్గుపడనక్కరలేదు. ఇట్టి చిన్న నవ్వులు కాలముతో పోవును.

కాని నవ్వు హింసగా మారినచో సహింపరాదు. క్రొత్తవారిని వేధించు ర్యాగింగును అరికట్టుటకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో నిబంధనలు చేసినది. వాని ప్రకారము ప్రతి విద్యాసంస్థయందును ఒక నిరోధక సంఘము, ఆకస్మిక తనిఖీలు చేయు ఒక దళము ఉండవలెను. క్రొత్త విద్యార్థులను చిన్న చిన్న బృందములుగా విభజించి ఒక్కొక్క బృందమును ఒక్కొక్క అధ్యాపకునికి అప్పగింపవలెను. నేరము రుజువైనచో తరగతులనుండి తాత్కాలికముగా తొలగించుట మొదలు సంస్థనుండి బహిష్కరించుట వరకు శిక్షలు కలవు. దేశమంతటికి ఉచిత ఫోను సంఖ్య 1800-180-5522. ఏ వేళనైన పిలువవచ్చును. విద్యార్థినులకు వేధింపు కలిగినచో విచారించుటకు 2013 నాటి చట్టమును, 2015 నాటి నిబంధనలును అనుసరించి అంతర్గత ఫిర్యాదుల సంఘము ఉండవలెను. దానికి అధ్యక్షత వహించునది ఒక మహిళ. ఓర్చుకొనుటయే సుగుణమని మన ఇండ్లలో ఆడుబిడ్డలకు నేర్పుదురు. ఈ విషయమున ఆ ఓర్పు పనికిరాదు.

ధనసహాయము

షెడ్యూల్డు కులముల విద్యార్థులకు పదవ తరగతి తరువాతి చదువునకై ఇచ్చు విద్యార్థివేతనము 1944లో ఆరంభమైనది. తదుపరి గిరిజన విద్యార్థులకును, ఇతరులకును ఇట్టి పథకములు విస్తరించినవి. ఇచ్చట మనవారు తరచుగా పొరపడు అంశమొకటి కలదు. ఈ వేతనమును ఇచ్చునది విద్యార్థి చదువుచున్న రాష్ట్రము గాదు, అతడు స్థిరనివాసము కలిగిన రాష్ట్రము. కోరాపుట్టు విద్యార్థి విశాఖపట్టణమున చదివినను ఒడిషా ప్రభుత్వపు పోర్టలులోనే దరఖాస్తు చేయవలెను. ఆంధ్రప్రదేశపు పథకమునకు చేసి, తిరస్కృతుడై, ఈలోపల ఇచ్చటి గడువును పోగొట్టుకొన్నచో ఆ ఏడాది సొమ్ము చేతికి రాదు.

కులముతో సంబంధము లేక ప్రతిభనుబట్టి ఇచ్చునదియు ఒకటి కలదు. పన్నెండవ తరగతిలో తన విద్యామండలి విద్యార్థులందరిలో నూటికి ఎనుబదిమందిని మించిన స్థానము పొంది, కుటుంబపు వార్షికాదాయము నాలుగున్నర లక్షలకు మించనివారు కేంద్రప్రభుత్వ విద్యార్థివేతనమునకు దరఖాస్తు చేయవచ్చును. పట్టభద్ర తరగతులలో మొదటి మూడేండ్లు ఏటికి 12,000 రూపాయలు, ఆపై చదువునకు 20,000 రూపాయలు ఇత్తురు. ఇందులో సగము బాలికలకు ప్రత్యేకింపబడినది. ఒకమారు మంజూరైనంత మాత్రమున చాలదు. ప్రతి సంవత్సరము పునరుద్ధరణకు మరల దరఖాస్తు చేయవలెను. బ్యాంకు ఖాతా తన పేరననే, ఆధారుతో జతపరచియుండవలెను.

అంగవైకల్యము గల విద్యార్థులకు 2016 నాటి చట్టము ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలో నూటికి అయిదు సీట్లకు తగ్గకుండ ప్రత్యేకించినది. వయఃపరిమితిలోను అయిదేండ్ల సడలింపు కలదు. అర్హులైనవారు పరీక్షలలో వ్రాయసకానిని, అదనపు కాలమును కోరవచ్చును. పరీక్షకు ముందుగానే వ్రాతపూర్వకముగా అడిగినచో ఏర్పాటు సులభమగును.

భాషయను కొండ

తెలుగున శాస్త్రములు చదివిన విద్యార్థికి మొదటి మాసము గడ్డుకాలము. ఆచార్యుడు ఆంగ్లమున ‘ఎక్సలరేషన్’ అనును, విద్యార్థి తెల్లబోవును. అది తాను చక్కగా ఎరిగిన ‘త్వరణమే’ అని తెలిసిన క్షణమున సగము భయము తీరును. తెలుగున నేర్చిన అర్థము చెడిపోదు; దానికి మరియొక పేరు నేర్వవలసియున్నది, అంతే. కావున ఒక నోటుబుక్కులో ఎడమవైపు తెలుగు పదము, కుడివైపు ఆంగ్ల పదము దినమునకు పది చొప్పున వ్రాసికొనుడు. మూడు నెలలలో తొమ్మిదివందల పదములు సమకూడును. 1968లో హైదరాబాదున స్థాపింపబడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియటు, డిగ్రీ పాఠ్యపుస్తకములను, పారిభాషిక పదకోశములను ప్రకటించినది. ఆంగ్ల గ్రంథము కొరుకుడు పడనపుడు అదే విషయమును తెలుగు పుస్తకమున ఒకమారు చదివి, పిదప ఆంగ్లమునకు మరలుట చక్కని ఉపాయము. గ్రంథాలయములో పుస్తకము కనబడనిచో గ్రంథపాలకుని అడుగుటకు వెనుదీయవలదు. వెదకి ఇచ్చుట వారి వృత్తిలోని భాగమే.

దేహారోగ్యము, మనోధైర్యము

విశ్వవిద్యాలయముల ఆవరణలలో సాధారణముగా ఆరోగ్యకేంద్రము ఉండును. జ్వరము వచ్చినపుడు అచ్చటికి పోవుటకు ఎవరును సిగ్గుపడరు. నిద్రపట్టనపుడు, అకారణముగా ఏడ్పు వచ్చినపుడు, చదువు మానివేయవలెనని, ప్రాణముమీదనే విసుగు పుట్టినపుడు మాత్రము చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు. ఇది పెద్ద పొరపాటు. మనస్సునకును జబ్బు చేయును, దానికిని వైద్యము కలదు. 2022 అక్టోబరు 10వ తేదీన భారత ప్రభుత్వము టెలీ మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఏ వేళనైన ఉచితముగా ఫోను చేసి, తెలుగుననే మాటలాడవచ్చును. ఈ సంఖ్యను ప్రతి విద్యార్థియు తనకొరకు గాకున్నను తన గదిలోని మిత్రునికొరకైన గుర్తుంచుకొనవలెను.

సేవ, స్నేహము

ఒంటరితనమునకు మందు నలుగురితో కలసి పనిచేయుట. గాంధీజీ శతజయంతి వత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవాపథకము ఆరంభమైనది. ఇందు చేరినవారు రెండేండ్లలో 240 గంటలు సమాజసేవ చేయుదురు; ఏడు దినములు ఒక పల్లెలో శిబిరముందురు. చెరువుగట్టున తట్ట మోసిన చోట భాషాభేదము నిలువదు. పొరుగు రాష్ట్రమున చేరిన మన విద్యార్థికి ఇంతకంటె సులువైన పరిచయమార్గము లేదు.

అన్యాయము జరిగినచో

రుసుము తిరిగి ఇయ్యకున్నను, సర్టిఫికెట్టును నిలిపివేసినను, విద్యార్థి ఊరకుండవలసిన పని లేదు. 2023 నాటి నిబంధనల ననుసరించి ప్రతి సంస్థయందును విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార సంఘము ఉండవలెను. అది 15 పనిదినములలో తన నివేదికను సమర్పింపవలెను. దానితో తృప్తి చెందనిచో అంబుడ్స్‌పర్సన్ అను స్వతంత్ర న్యాయాధికారికి చెప్పుకొనవచ్చును. ఫిర్యాదు మర్యాదగా, క్లుప్తముగా, తేదీలతో వ్రాయవలెను. ఒక నకలు తనవద్ద ఉంచుకొని, అందినట్లు ముద్ర వేయించుకొనవలెను. నోటిమాటకు సాక్ష్యముండదు, కాగితమునకు ఉండును.

విద్యార్థులారా! విశ్వవిద్యాలయమున చేరిన మొదటి వారములో నాలుగు పనులు చేయుడు. మీ శాఖాధ్యక్షుని, వార్డెనును చూచి నమస్కరించి మీ పేరు, ఊరు చెప్పుడు. గ్రంథాలయపు కార్డు తీసికొనుడు. విద్యార్థివేతనపు గడువు తేదీని గోడమీద వ్రాసికొనుడు. పైన తెలిపిన రెండు ఫోను సంఖ్యలను నోటుబుక్కు మొదటి పుటలో ఎక్కించుడు. ఈ నాలుగింటికి కావలసినది ఒక్క దినము. అమ్మ అయినను అడుగనిదే పెట్టదని మన సామెత. విశ్వవిద్యాలయము అమ్మకంటె పెద్దయిల్లు, అందు అడుగవలసిన అవసరము మరింత అధికము. నోరు విడిచి అడుగుడు. మీ తల్లిదండ్రులు కష్టార్జితమును వెచ్చించి మిమ్ము పంపుచున్నారు. ఒక ప్రశ్న అడుగ సంకోచించి ఆ చదువును మధ్యలో విడిచి రాకుడు.