కువైట్ గద్దెకు వారసుడెవరు?

2006 జనవరి 15న కువైట్ అమీర్ షేక్ జాబిర్ అల్ అహ్మద్ కన్నుమూశారు. ఇరవై ఎనిమిదేళ్లుగా యువరాజుగా ఉన్న షేక్ సాద్ అల్ అబ్దుల్లాకు అమీర్ పదవి దక్కింది. అయితే అధికారాలు చేపట్టే ముందు కొత్త అమీర్ జాతీయ అసెంబ్లీలో ప్రమాణం చేయాలని రాజ్యాంగంలోని 60వ అధికరణ చెబుతోంది. ఆ ప్రమాణం చాలా చిన్నది. రాజ్యాంగాన్ని, చట్టాలను గౌరవిస్తానని, ప్రజల స్వేచ్ఛను, ఆస్తులను, దేశ స్వాతంత్ర్యాన్ని కాపాడతానని దైవసాక్షిగా చెప్పాలి. సాద్ చాలాకాలంగా జబ్బుతో ఉన్నారు. జాబిర్ అంత్యక్రియలకు చక్రాల కుర్చీలోనే వచ్చారు. ఆ నాలుగు మాటలైనా సభలో పలకగలరా అన్న అనుమానం రాజకుటుంబంలోనే తలెత్తింది.

కుటుంబ పెద్దల మంతనాలు ఎంతకీ తెగలేదు. చివరికి మంత్రివర్గం 1964 నాటి వారసత్వ చట్టాన్ని బయటికి తీసింది. అమీర్ ఆరోగ్యం పాలనకు సహకరించకపోతే మంత్రివర్గం ఆ సంగతిని అసెంబ్లీకి నివేదించవచ్చు. మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే ఆయన పదవి పోతుంది. జనవరి 24న సభ ఏకగ్రీవంగా సాద్‌ను తప్పించింది. గద్దె వదులుకుంటున్నట్టు ఆయన రాసిన లేఖ అప్పుడే సభకు చేరింది. అమీర్‌గా ఆయన ఉన్నది తొమ్మిది రోజులు. 29న కొత్త అమీర్‌గా షేక్ సబా అల్ అహ్మద్ ప్రమాణం చేశారు.

ఇదంతా లాంఛనమని కొట్టిపారేయడం తేలిక. నేను ఒప్పుకోను. ఒకే వంశంలోని రెండు శాఖలు ఒకరి మాట ఒకరు వినని స్థితిలో, ఇద్దరూ తలవంచగల తీర్పు ప్రజలు ఎన్నుకున్న సభ నుంచే వచ్చింది. గల్ఫ్‌లోని పొరుగు రాజ్యాల్లో ఇలాంటి సమస్య వస్తే అది కోట గోడలు దాటి బయటికి రాదు.

ఆ రెండు శాఖల మూలం 1896లో ఉంది. ఆ ఏడాది ముబారక్ అల్ సబా తన అన్నలిద్దరినీ చంపి అధికారం చేజిక్కించుకున్నాడు. ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి రక్షణ కోసం 1899లో బ్రిటిష్ వాళ్లతో రహస్య ఒప్పందం చేసుకున్నాడు. వాళ్ల అనుమతి లేకుండా అంగుళం నేల కూడా ఎవరికీ ఇవ్వనని రాసిచ్చాడు. బదులుగా ముట్టింది 15 వేల రూపాయలు. అవును, మన రూపాయలే. 1961లో దినార్ వచ్చేదాకా కువైట్ బజారులో చెల్లింది భారతదేశం జారీ చేసిన రూపాయే.

1962లో రాసుకున్న రాజ్యాంగం గద్దెను ముబారక్ సంతతికే పరిమితం చేసింది. పెద్ద కొడుకుకే దక్కాలన్న నియమం మాత్రం పెట్టలేదు. పట్టానికి వచ్చిన ఏడాదిలోగా అమీర్ ఒక పేరు ప్రతిపాదించాలి. సభలో మెజారిటీ ఆ పేరుకు విధేయత ప్రకటిస్తే ఆయనే యువరాజు. సభ కాదంటే అమీర్ కనీసం ముగ్గురి పేర్లు పంపాలి, వారిలో ఒకరిని సభ ఎంచుకుంటుంది. ముబారక్ కొడుకులు జాబిర్, సాలిం పేర్లతో ఏర్పడిన శాఖలు దాదాపుగా వంతులవారీగా పాలించాయి. 1915లో ముబారక్ తర్వాత ఆయన కొడుకు జాబిర్ గద్దె ఎక్కాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా తండ్రి వెంటనే కొడుకు అమీర్ అయిన సందర్భం ఒక్కటీ లేదు. తమ్ముడో, అన్న కొడుకో, దాయాదో వచ్చారు.

ఈ పద్ధతికి ఒక చిక్కుంది. గద్దె అన్నదమ్ముల మధ్యే తిరుగుతుంటే పాలకుల వయసు పెరిగిపోతుంది. సబా 2020లో 91 ఏళ్ల వయసులో పోయారు. ఆయన తమ్ముడు నవాఫ్ 83వ ఏట అమీర్ అయ్యారు, ఏడాది తిరగగానే కొన్ని బాధ్యతలు యువరాజు మిషాల్‌కు అప్పగించారు. 2023 డిసెంబర్‌లో నవాఫ్ పోయాక పగ్గాలు అందుకున్న మిషాల్‌కూ అప్పటికి 83 ఏళ్లే.

కువైట్ అమీర్ ఉత్సవమూర్తి కాదు. ప్రధానిని నియమిస్తారు, సేనలకు అధిపతి, సభను రద్దు చేయగలరు. కానీ ఎన్నికైన యాభై మంది సభ్యులు మంత్రులను నిలబెట్టి ప్రశ్నలు వేయగలిగేవారు. మంత్రుల్లో రాజకుటుంబీకులున్నా వదిలేవారు కాదు. ఆ గొడవలతో సభలు పదేపదే రద్దయ్యాయి. 2024 మే 10న మిషాల్ సభను రద్దు చేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణలను నాలుగేళ్లకు మించకుండా నిలిపివేశారు. జూన్ 1న మాజీ ప్రధాని సబా అల్ ఖాలిద్‌ను యువరాజుగా ప్రకటించారు. ఆయన జాబిర్ శాఖా కాదు, సాలిం శాఖా కాదు. ముబారక్ మరో కొడుకు హమద్ సంతతి. ఇంత పెద్ద మలుపు సభ ఓటు లేకుండానే జరిగిపోయింది, ఓటు వేయడానికి సభే లేదు కాబట్టి. అక్కడి రాజకీయంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇది మనకు పట్టని సంగతేమీ కాదు. రాజంపేట, రాయచోటి, కడప ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి కువైటీల ఇళ్లలో వంటకూ డ్రైవింగుకూ కుదిరిన వాళ్ల బతుకంతా అకామా మీదే ఆధారపడి ఉంటుంది. ఆ నివాస అనుమతులకు 1959 నుంచీ ఉన్న చట్టం స్థానంలో 2024 చివర్లో కొత్తది వచ్చింది. సభలో చర్చ లేదు, ప్రశ్న లేదు. అమీర్ డిక్రీగానే వెలువడి 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది.