బలము బిళ్లలో నున్నదా?

ఆరోగ్యమే మహాభాగ్యమను మాట వినని పల్లె లేదు. అయినను ఇంటిల్లిపాదిని పోషించు మగవాడు తన ఆరోగ్యమును గూర్చి ఆలోచించుట అన్నిటికంటె కడపటి పని. నూర్పిళ్లు కానిమ్ము, అప్పు తీరనిమ్ము, పిల్ల పెండ్లి కానిమ్ము, తరువాత చూచుకొందమని అతడనుకొనును. ఈలోపల నీరసము తోచినచో మందుల దుకాణమునకు పోయి బలమునకేవైన బిళ్లలిమ్మని అడుగును. రంగురంగుల బిళ్లలో, టానిక్కు సీసాయో చేతికి వచ్చును. కూలి డబ్బులో కొంత దానికి పోవును. నాలుగు దినములు వాడి గుణము కనబడినదనుకొనును. మరల నీరసము తోచినపుడు మరల కొనును.

ఈ బిళ్లలు నిజముగా బలమునిచ్చునా? అవి ఎవరికి అవసరము, ఎవరికి అనవసరము? నీరసమునకు అసలు కారణమును ఎట్లు తెలిసికొనవలెను? పంచాయతీ సభ్యుల మాటను ఊరిలో నలుగురు విందురు. కావున ఈ విషయములను వారు ముందుగా ఎరిగియుండుట మంచిది.

విటమినులనగా నేమి?

మనము తిను అన్నము, పప్పు, నూనె శరీరమునకు శక్తినిచ్చును. విటమినులు శక్తినీయవు. ఆహారమును శరీరము శక్తిగా మార్చుకొనుటకును, రక్తము, నరములు, ఎముకలు చక్కగా నుండుటకును అవి మిక్కిలి స్వల్పముగా కావలెను. బండి ఇరుసునకు కందెన వంటివి విటమినులు. కందెన లేనిచో ఇరుసు అరిగి బండి నిలిచిపోవును. కాని ఎంత కందెన పూసినను ఎద్దులు లేనిదే బండి కదలదు.

ఈ సత్యము కొంతవరకు మన తెలుగు జిల్లాల అనుభవమునుండియే తెలియవచ్చినది. ఇరువదవ శతాబ్ది మొదటి భాగమున, ఉత్తర సర్కారులనబడిన కోస్తా జిల్లాలలో బెరిబెరి అను వ్యాధి ఉండెడిది. కాళ్లు తిమ్మిరెక్కి నడక తప్పెడిది. కొందరికి ఒళ్లు వాచి గుండె దెబ్బతినెడిది. మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యమును తినువారికే ఇది ఎక్కువగా వచ్చెడిది. దక్షిణమున ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలో ఈ వ్యాధి అరుదు. వడ్లను ఉడికించునపుడు తవుడులోని బి-1 విటమిను గింజలోనికి ఇంకును. పచ్చివడ్లను మరపట్టినపుడు అది తవుడుతో పోవును. మనిషికి కావలసినది పశువుల కుడితిలోనికి పోయినదన్నమాట. ఈ వ్యాధిని పరిశోధించుటకై 1918లో డాక్టరు రాబర్టు మెక్‌కారిసన్ నీలగిరులలోని కూనూరున ప్రారంభించిన చిన్న శాఖయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది.

దీనినుండి గ్రహింపవలసినది ఒక్కటే. లోపమున్నచోట విటమిను అద్భుతముగా పనిచేయును. లోపము లేనిచోట అది అదనపు బలమునీయదు. కొన్ని బిళ్లలు మ్రింగిన పిదప మూత్రము పసుపుపచ్చగా వచ్చుట చూచి మందు పనిచేయుచున్నదని కొందరు సంతోషింతురు. శరీరమునకు అక్కరలేని బి-2 విటమిను బయటికి పోవుటయే దానికి కారణము. దానితోపాటు పోయినది కొన్నవాని డబ్బు.

ఎవరికి ఏది అవసరము?

పురుషులలో తరచుగా లోపించునది బి-12 విటమిను. ఇది పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసమునందు లభించును. ఆకుకూరలయందును ధాన్యములయందును లభింపదు. కావున పాలు పెరుగులు సరిగా తీసికొనని శాకాహారులకును, వృద్ధులకును, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ బిళ్లలను చాల ఏండ్లుగా వాడుచున్నవారికిని ఈ లోపము రావచ్చును. అరికాళ్ల తిమ్మిర్లు, నాలుక మంట, ముఖము పాలిపోవుట, మతిమరుపు దీని లక్షణములు. రక్తపరీక్షవలన దీనిని నిర్ధారణ చేయుదురు.

రక్తహీనతకు వాడు మరియొక విటమిను ఫోలిక్ ఆమ్లము. భీమవరమున 1895లో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని పరిశోధకులు 1945లో దీనిని కృత్రిమముగా తయారుచేయగలిగిరి. ఇంతటి మేలైన మందును కూడ గ్రుడ్డిగా వాడరాదు. బి-12 లోపమున్నవానికి ఫోలిక్ ఆమ్లమును మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడును. లోలోపల నరములు చెడుచునే యుండును. ఒకనికి పనిచేసిన బిళ్లను పొరుగువాడు అడిగి తెచ్చుకొని మ్రింగరాదని చెప్పుట ఇందుకే.

డి విటమినును ఎండ తగిలిన చర్మము తానే తయారుచేసికొనును. పొలమున పనిచేయువారికి దీని లోపము తక్కువ. నాలుగు గోడల నడుమ దినమెల్ల కూర్చుండువారికి ఎక్కువ. ఇక ఇనుము సంగతి. మగవానికి రక్తము తక్కువైనచో ఇనుము బిళ్లతో తృప్తిపడరాదు. రక్తము ఎక్కడ పోవుచున్నదో కనుగొనవలెను. మొలలు, కడుపులో పుండు, చెప్పులు లేని కాళ్లగుండ చొరబడు కొంకిపురుగులు దానికి కారణము కావచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రేగులలోని క్యాన్సరు కూడ కావచ్చును.

ఎక్కువైనచో కీడు

విటమినే కదా, ఎక్కువైనను నష్టమేమని కొందరనుకొందురు. ఈ అభిప్రాయము తప్పు. ఫిన్లండు దేశమున పొగత్రాగు అలవాటుగల 29,133 మంది పురుషులపై జరిపిన పరిశోధన ఫలితములు 1994లో వెలువడినవి. శరీరములో ఏ విటమినుగా మారు బీటా కెరోటిన్‌ను బిళ్లలుగా తీసికొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మారుగా 18 శాతము ఎక్కువైనది. అమెరికా, కెనడాలలో 35,533 మంది పురుషులపై జరిపిన మరియొక పరిశోధనలో, దినమునకు 400 యూనిట్ల ఇ విటమినును మాత్రమే తీసికొన్నవారికి ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరు 17 శాతము ఎక్కువగా వచ్చినట్లు 2011లో తేలినది. పురుషులకు మేలు చేయునని తలచి ఇచ్చిన బిళ్లలే ఇట్లు కీడు చేసినవి. బీటా కెరోటిన్‌నే మునగాకునందును, క్యారెట్టునందును ఆహారముగా తీసికొన్నచో ఇట్టి భయము లేదు.

డి విటమిను విషయమున జరుగు పొరపాటు మన ఊళ్లకు మరింత దగ్గరిది. డాక్టరు వారమునకొకటి చొప్పున కొన్ని వారములు వాడుమని 60,000 యూనిట్ల మందును వ్రాయును. రోగి దానిని దినమునకొకటి చొప్పున వాడును. పెద్దవారికి దినమునకు కావలసినది 600 యూనిట్లు. అనగా ఒక్క బిళ్లలో నూరు దినముల అవసరమున్నది. మితిమీరినచో రక్తములో కాల్షియము పెరిగి మూత్రపిండములు చెడును.

నీరసము వెనుక దాగియున్నది

ఒక రైతును ఊహింపుడు. వయస్సు 45 ఏండ్లు. ఏడాదిగా నీరసము, దాహము. రాత్రి నాలుగుమార్లు మూత్రమునకు లేచును. బలమునకు బిళ్లలు వాడెను. సూదిమందు వేయించుకొనెను. రెండుమార్లు సెలైను ఎక్కించుకొనెను. ఒకనాడు కాలికి ముల్లు గ్రుచ్చుకొనెను, పుండు మానలేదు. పట్టణమునకు పోయినపుడు మధుమేహమని తెలిసెను. అప్పటికి వ్రేలు తీసివేయక తప్పలేదు. ఇతడు బిళ్లలకు చేసిన వ్యయముకంటె అతనికి ఎక్కువ నష్టము కలిగించినది, పోయిన ఆ ఏడాది కాలము.

నీరసము వ్యాధి కాదు, వ్యాధికి సూచన. మధుమేహము, క్షయ, రక్తహీనత, గుండెజబ్బు, కాలేయపు చెడుగు అన్నియు మొదట నీరసముగనే కనిపింపవచ్చును. రెండు వారములు దాటిన దగ్గు, కారణము లేక బరువు తగ్గుట, మానని పుండు, నోటిలో తెల్లని లేక ఎర్రని మచ్చ, నడిచినపుడు రొమ్ము పట్టివేయుట కనిపించినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. సెలైను అనగా చాలవరకు ఉప్పునీరే. అరలీటరు సీసాలో 4.5 గ్రాముల ఉప్పుండును. పెద్దవారు దినమంతయు తినదగిన ఉప్పు 5 గ్రాములకు మించరాదు. గుండెజబ్బుగలవానికి అవసరము లేక దానిని ఎక్కించుట ప్రమాదము.

కొనునపుడు చూడవలసినవి

డాక్టరు వ్రాసిన మందునే, వ్రాసినన్ని దినములే వాడవలెను. గడువు తేదీ చూచి, రసీదు తీసికొనవలెను. డబ్బాలలో అమ్ము పోషక పొడులు మందులు కావు, ఆహారము క్రిందకు వచ్చును. వానిపై 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉండవలెను. ఔషధముగా వాడుటకు కాదను మాటయు ఉండవలెనని నియమము. ఏ రోగమునైనను కుదుర్చునని, మగతనమును పెంచునని చెప్పి పేరు ఊరు లేని పొట్లములమ్మువానిని నమ్మరాదు. కండలు పెరుగునని పడుచువారు ప్రోటీను పొడులు వాడుటను జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలో వలదని చెప్పినది.

బిళ్లకంటె మేలైన అలవాట్లు

ఆ సంస్థ సూచన ప్రకారము ఒక మనిషికి దినమునకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు పెరుగులు 300 మిల్లీలీటర్లు, పప్పులు 85 గ్రాములు కావలెను. గ్రుడ్లు, చేపలు, మాంసము తినువారు పప్పులలో కొంతకు బదులుగా వానిని తీసికొనవచ్చును. మన విస్తరిలో అన్నము కొండయై, కూర నంజుకొనుటకు మిగులుచున్నది. అన్నము కొంత తగ్గించి, పప్పు, కూర పెంచవలెను. దంపుడు బియ్యము, జొన్నలు, రాగులు మరల వంటింటికి రావలెను. పురుషునికి దినమునకు కావలసిన సి విటమిను 80 మిల్లీగ్రాములు. నూరు గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా ఉన్నది. పెరటిలో జామచెట్టున్నవాడు ఈ విటమినును కొననక్కరలేదు.

పొగాకు, సారాయి మానకుండ ఏ విటమిను వాడినను చిల్లుకుండలో నీరు పోసినట్లే. దుక్కికి ట్రాక్టరు, కోతకు యంత్రము, చేనికి పోవుటకు మోటారు సైకిలు వచ్చినవి గనుక నేటి రైతు తన తండ్రివలె నడచుట లేదు. వారమునకు కనీసము 150 నిమిషములు చురుకుగా నడువవలెను. ఊరగాయ, అప్పడముల ద్వారా చేరు ఉప్పును తగ్గింపవలెను. 30 ఏండ్లు దాటిన ప్రతి పురుషుడును రక్తపోటు, రక్తములో చక్కెర పరీక్షలు చేయించుకొనవలెను. రక్తపోటు 140, 90 అను అంకెలకు చేరినచో డాక్టరును చూడవలెను.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ఆరోగ్య ఉపకేంద్రములలో ఈ పరీక్షలు ఉచితముగ చేయుదురు. కాని ఆ కేంద్రము తెరచియుండు వేళ మగవారు పొలములో నుందురు. ఈ చిక్కును విప్పగలవారు సభ్యులే. ఆరోగ్య కార్యకర్తలతో మాట్లాడి, నెలకొక సాయంకాలము రచ్చబండ కడనో, పాలకేంద్రము కడనో పరీక్షలు ఏర్పాటు చేయింపవచ్చును. పంచాయతీ స్థలములందు మునగ, ఉసిరి, జామ మొక్కలు నాటింపవచ్చును. పాఠశాలకు 100 గజములలోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. దానిని ఊరిలో అమలు జరుగునట్లు చూడవచ్చును. పంచాయతీ కార్యాలయములో చుట్ట, బీడీ వెలుగకుండుట సభ్యులతోనే ప్రారంభము కావలెను.

అన్నిటికంటె ముందు చేయదగిన పని యొకటి కలదు. రాబోవు పరీక్షల దినమున సర్పంచి, సభ్యులు తామే మొదట చేయి చాచి రక్తపోటు చూపించుకొనవలెను. పెద్దలు నడచిన బాటనే ఊరు నడచును.