రేపటి బడి ఎలా ఉండాలి?

తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పాఠంగా ఐజాక్ అసిమోవ్ 1951లో రాసిన ఒక చిన్న కథ చెప్పాం. అందులో 22వ శతాబ్దపు పాప మార్గీ ఇంట్లో ఒంటరిగా, యంత్రం ముందు కూర్చుని చదువుకుంటుంది. పూర్వం పిల్లలంతా ఒకచోట చేరి మనిషి దగ్గర చదువుకునేవారని తెలుసుకుని, వాళ్లెంత హాయిగా ఉండేవారో అనుకుంటుంది.

ఆ పాఠం అయ్యాక, యాభై ఏళ్ల తర్వాత మన బడి ఎలా ఉంటుందో బొమ్మ గీయమని పిల్లలకు చెప్పాం. చాలామంది రోబో టీచర్లను, గోడంత తెరలను గీశారు. లంక గ్రామం నుంచి వచ్చే ఒకమ్మాయి మాత్రం ఎత్తయిన స్తంభాల మీద మేడ గీసి, మెట్లకు ఒక పడవ కట్టింది. ఇదేమిటమ్మా అని అడిగితే, "వరదొస్తే మేం అక్కడే ఆగిపోతాం కదండి. ఇక్కడ పాఠాలు అయిపోతాయండి" అంది.

బి.ఇడి. చదివి, ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన మాకు ఆ పిల్ల ఒక పాఠం చెప్పింది. మిగతావాళ్లు బడిలోకి ఏ వస్తువు వస్తుందా అని ఆలోచించారు. ఆమె బడికి ఎవరు రాలేకపోతున్నారని ఆలోచించింది.

వస్తువుల మీద ఆశ మనకు కొత్త కాదు. త్వరలోనే సినిమా వచ్చి పాఠ్యపుస్తకాలను పక్కకు నెడుతుందని 1913లో ఎడిసన్ అన్నారు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు మన దేశంలో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందించారు. ఆ ఆరింటిలో మన రాష్ట్రమూ ఉంది. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు వచ్చాయి. ఇవన్నీ మంచివే. అయితే చదువుకునే పిల్లవాడికే ఇవి ఉపయోగపడతాయి. రానివాడిని తీసుకొచ్చే శక్తి వీటికి లేదు.

మన గోదావరి తీరంలో బడిని నిజంగా మార్చినవారు ఏం చేశారో చూడండి. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. ఆయన కొత్త యంత్రమేదీ తేలేదు. బడిలో ఎవరు లేరో చూశారు, ఆడపిల్లలు లేరని గుర్తించారు. ఆనాటికి అదే భవిష్యత్తు బడి.

మనలాంటి మరో డెల్టాలోనూ ఇదే జరిగింది. బంగ్లాదేశ్‌లో చలన్ బీల్ అనే చిత్తడి ప్రాంతంలో వానాకాలమంతా దారులు మునిగి పిల్లలు బడికి దూరమయ్యేవారు. మహమ్మద్ రెజ్వాన్ అనే ఆర్కిటెక్టు 1998లో ఒక సంస్థ స్థాపించి, 2002లో పడవ బడి మొదలుపెట్టారు. పడవ ఇంటింటి రేవుకూ వెళ్లి పిల్లలను ఎక్కించుకుంటుంది, ఒకచోట ఆగి పాఠం చెబుతుంది, మళ్లీ దించి వస్తుంది. దీపాలకు, కంప్యూటరుకు పైకప్పు మీది సౌర పలకలే కరెంటునిస్తాయి. పిల్లలు బడికి రాలేకపోతే బడే పిల్లల దగ్గరకు వెళ్లింది.

అలాగని మనం కూడా పడవ బడులు కట్టాలని కాదు. అక్కడిది నిలకడ నీరు, మన గోదావరి వరదది ఉరవడి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కాజ్‌వే మునిగితే కనకాయలంక వంటి ఊళ్లకు పడవే దారి. ఆ నీటిలో చిన్నపిల్లలను రోజూ పడవెక్కించడం ప్రమాదం. కాబట్టి మనం తీసుకోవలసింది పడవను కాదు, ఆ ఆలోచనను.

మనకు తగిన పద్ధతి ఒకటి మా మనసులో ఉంది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. రేపటి బడి కూడా ఆ హెచ్చరికల ప్రకారం నడవాలి. మొదటి హెచ్చరికకే రెండు వారాల పాఠాలు ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేలా ట్యాబుల్లో ఎక్కించి, అభ్యాస పత్రాలు పంచాలి. రెండోదానికి ఏ పిల్ల ఏ బంధువుల ఇంటికి, ఏ పునరావాస కేంద్రానికి వెళుతుందో రాసుకోవాలి. మూడోదానికి ఆ కేంద్రంలోనే రోజుకు రెండు గంటలు తరగతి జరగాలి. నీరు తీశాక మూడో రోజుకు కూడా రాని పిల్ల ఇంటికి ఒక మనిషి వెళ్లాలి.

కృత్రిమ మేధ వచ్చేసింది, ఇక టీచరు ఎందుకని కొందరు అంటున్నారు. లెక్కలో వచ్చిన సందేహాన్ని అది ఓపికగా పదిసార్లు చెప్పగలదు, లంకలో ఒంటరిగా ఉన్న పిల్లకు అది వరమే. హాజరు చూసి ఎవరు రాలేదో కూడా చెప్పగలదు. ఇంటి గడప తొక్కి, "ఏమ్మా, పిల్లాణ్ణి ఎందుకు పంపలేదు?" అని అడగవలసింది మాత్రం మనమే.

ఈ మాట మా తప్పు తెలిసి అంటున్నాం. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక మేము ఫోనుకు పాఠాలు పంపి మా పని అయిందనుకున్నాం. ఒక పిల్లవాడి ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే తండ్రితో పనికి వెళ్లిపోయేది. బడులు తెరిచాక చాలా రోజులు అతని పేరు ఎదుట గైర్హాజరు వేస్తూ వచ్చామే తప్ప ఇంటికి వెళ్లలేదు. వెళ్లేసరికి అతను మెకానిక్ షెడ్డులో కుదిరాడు. ఇంటివాళ్లు ఆ సంపాదనకు అలవాటుపడ్డారు. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని సలాం చెప్పాడు. బడికి మాత్రం తిరిగి రాలేదు.

అందుకే సొసైటీ పెద్దలకు మా మనవి. ఏటా మీరిచ్చే పుస్తకాలు, ఫీజుల సాయం కొనసాగనివ్వండి. దానితోపాటు ప్రతి పేటకూ ఇద్దరు యువకులను, ఇద్దరు చదువుకున్న అమ్మాయిలను ఎంచి, బడి నుంచి రానివాళ్ల జాబితా వారం వారం తీసుకోమనండి. సాయంత్రం రెండు గంటలు సొసైటీ హాలు తెరిచి, దీపం, చాప, ట్యాబు చార్జింగుకు ప్లగ్గు, పక్కన కూర్చునే ఒక పెద్దమనిషి ఉండేలా చూడండి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఇందుకు యాభై ఏళ్లు ఆగనక్కరలేదు, వచ్చే జూలై లోపే మొదలుపెట్టవచ్చు.

ఆ అమ్మాయి గీసిన బొమ్మ ఇప్పటికీ మా బల్ల అద్దం కింద ఉంది. అందులోని మేడ ప్రభుత్వం కట్టాలి. మెట్లకు కట్టిన ఆ పడవ మాత్రం మనం కాగలం.