పరపతి వ్యవస్థలు: ముఖం తెలియనివారిని నమ్మడం ఎలా?

1. పరిచయం

ఊరి కిరాణా కొట్టులో ఎవరికి అరువు ఇవ్వవచ్చో యజమానికి తెలుసు. మాట మీద నిలబడేవారెవరో, ముఖం చాటేసేవారెవరో ఆయన ఏళ్ల తరబడి చూసి ఉంటాడు. ‘పరపతి’ అనే మాటను మనం అప్పుకూ వాడతాం, పలుకుబడికీ వాడతాం. రెండింటికీ మూలం నమ్మకమే.

ఇంటర్నెట్‌లో ఆ పాత పరిచయం ఉండదు. మన ప్రశ్నకు జవాబు రాసిన వ్యక్తికి విషయం తెలుసో లేదో పేరు చూసి చెప్పలేం. అందుకే సభ్యుల గత ప్రవర్తనపై ఇతరులు ఇచ్చిన తీర్పులను లెక్కగట్టి, ఆ ఫలితాన్ని అందరికీ కనిపించేలా ఉంచుతారు. ఈ ఏర్పాటునే పరపతి వ్యవస్థ అంటారు.

2. పాయింట్ల లెక్క

ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల కోసం 2008లో ప్రారంభమైన స్టాక్ ఓవర్‌ఫ్లోను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ దీర్ఘకాలంగా అమలులో ఉన్న నియమాల ప్రకారం, జవాబుకు వచ్చే ప్రతి అనుకూల ఓటుకు 10 పాయింట్లు లభిస్తాయి. ప్రశ్న అడిగినవారు ఆ జవాబును అంగీకరిస్తే మరో 15 వస్తాయి. ప్రతికూల ఓటుకు 2 తగ్గుతాయి.

ఒక జవాబుకు 6 అనుకూల ఓట్లు, 1 ప్రతికూల ఓటు, అంగీకారం లభించాయనుకోండి. అప్పుడు 60 – 2 + 15 = 73 పాయింట్లు వస్తాయి.

ఇందులో రెండు జాగ్రత్తలను గమనించండి. మొదటిది, పొగడ్తకు 10 అయితే తెగడ్తకు 2 మాత్రమే. కాబట్టి కొందరు కక్షగట్టి ఓటు వేసినా ఒకరి పరపతి ఒక్కసారిగా కూలిపోదు. పైగా ఇతరుల జవాబుకు ప్రతికూల ఓటు వేసినవారు కూడా 1 పాయింటు కోల్పోతారు. రెండవది, ఓట్ల ద్వారా ఒక రోజులో 200 పాయింట్లకు మించి సంపాదించడానికి వీలులేదు. ఒక్కరోజు ప్రచారం కంటే నిలకడైన కృషికి విలువ ఇవ్వడానికి ఇది తోడ్పడుతుంది.

3. పాయింట్లతో పాటు బాధ్యత

ఈ పాయింట్లు అలంకారం కోసం మాత్రమే కావు. 15 పాయింట్లు ఉంటే అనుకూల ఓటు, 125 ఉంటే ప్రతికూల ఓటు వేయవచ్చు. 2000 చేరినవారు ఇతరుల రాతలను ముందస్తు పరిశీలన లేకుండా సవరించవచ్చు. 3000 చేరినవారు తగని ప్రశ్నలను మూసివేయడానికి ఓటు వేయవచ్చు. అంటే నిర్వహణ భారం కొంతవరకు సభ్యుల చేతికే వస్తుంది.

4. పరిమితులు

పరపతి వ్యవస్థ మనుషుల ప్రవర్తనను కొలవడంతో ఆగదు, దానిని మారుస్తుంది కూడా. ఈబే అంగడిలో ఒకప్పుడు కొనేవారూ అమ్మేవారూ ఒకరిపై ఒకరు ప్రతికూల అభిప్రాయం రాయగలిగేవారు. దీనితో, అమ్మినవారు బదులు తీర్చుకుంటారనే భయంతో కొన్నవారు నిజం చెప్పడానికి వెనకాడేవారు. 2008లో ఈబే ఈ నియమాన్ని మార్చి, కొన్నవారిపై ప్రతికూల అభిప్రాయం ఇచ్చే అవకాశాన్ని అమ్మేవారికి తొలగించింది.

చర్చావేదికల్లో మరికొన్ని చిక్కులున్నాయి. చాలామందికి అవసరమయ్యే తేలిక ప్రశ్నకు జవాబిస్తే ఓట్లు రాశిగా పడతాయి. కొద్దిమందికే అర్థమయ్యే కఠినమైన ప్రశ్నకు ఎంత శ్రమపడి జవాబిచ్చినా రెండు మూడు ఓట్లే రావచ్చు. ముందుగా చేరినవారు ఎక్కువ పాయింట్లు కూడబెట్టుకుంటారు. కొత్తవారి మాట సరైనదైనా వెనకబడుతుంది. దొంగ ఖాతాలతో తమకు తామే ఓట్లు వేసుకునేవారూ ఉంటారు.

5. సారాంశం

పరపతి అంకె ఒక వ్యక్తి ఇంతవరకు పొందిన ఆదరణను చెబుతుంది. ఇప్పుడు మీ ముందున్న జవాబు నిజమని హామీ ఇవ్వదు. కాబట్టి అంకెను మొదటి ఆధారంగా తీసుకోండి. ఆ తరువాత జవాబులోని కారణాలను, అది రాసిన తేదీని, కింద ఇతరులు చేసిన అభ్యంతరాలను పరిశీలించి నిర్ణయానికి రండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక జవాబుకు 4 అనుకూల ఓట్లు, 3 ప్రతికూల ఓట్లు వచ్చాయి. అంగీకారం లభించలేదు. మొత్తం పాయింట్లెన్ని?
2. ప్రతికూల ఓటు వేసినవారికీ పాయింటు తగ్గించడం వల్ల కలిగే మేలు, కీడు ఏమిటి?

(1వ ప్రశ్నకు జవాబు: 40 – 6 = 34)